గ్రామఫోను ముల్లు: దాని యెన్నిక, అమరిక



మీలో పెక్కుమంది యిండ్లలో అటకమీదనో గాదె ప్రక్కనో పాత గ్రామఫోను ప్లేట్ల పెట్టె యొకటి యుండియే యుండును. వానిని పాడించిన యంత్రము స్ప్రింగు తెగి యెన్నడో మూలబడినది. ప్లేట్లను మాత్రము పారవేయుటకు మనసొప్పక పాత పంచెలలో చుట్టి దాచినవారు కలరు. ఈ నడుమ పట్టణములలో నున్న మనుమలు టర్నుటేబిలు అను క్రొత్త యంత్రములను కొని తెచ్చి, "తాతయ్యా, మీ ప్లేట్లు తీయండి, విందాం" అనుచున్నారు. సంతోషమే. కాని యా ప్లేటును ఆ యంత్రముమీద నుంచుటకు ముందు ఒక్క సంగతి తెలిసికొనవలెను. యంత్రమంతటిలో ప్లేటును తాకునది ముల్లొక్కటియే. అది తగినదైన ప్లేటు మరి యేబదియేండ్లు పలుకును. తగనిదైనచో నాలుగు మారులలో గొంతు పోవును. నేనీ సంగతిని నష్టపడి నేర్చుకొంటిని గనుక ఆ నష్టముతోనే మొదలుపెట్టెదను.

మా తాతగారిది తెనాలి ప్రాంతము. స్త్రీపాత్రలకు పేరుగన్న స్థానం నరసింహారావుగారు ఆడిన యూరు. అచ్చట పుట్టినవారికి నాటకపు పద్యము అన్నముతో సమానము. తాతగారు చేతితో త్రిప్పు గ్రామఫోను నొకదానిని, అరువది ప్లేట్లను పోగుచేసికొనిరి. వారు పోయిన పిదప ఆ ప్లేట్లు ఇల్లిల్లు మారి తుదకు నా యొద్దకు చేరినవి. 2019లో, బడిపని విరమించిన తరువాత, నేనొక టర్నుటేబిలు కొంటిని. దానిమీద 33, 45, 78 అని మూడు వేగములు వ్రాసియుండెను. డెబ్బదియెనిమిది యని యున్నది గదా, ఇది మన ప్లేట్లకు పనికివచ్చునని తాతగారి పద్యపు ప్లేటు నొకదానిని పెట్టితిని. వేడిపెనముమీద నీళ్ళు చిలికినట్లు చిటపటలు వినవచ్చెను. ఆ చిటపటల వెనుక నూతిలోనుండి పిలిచినట్లు పద్యము. అమ్మిన యంగడివాని నడుగగా, "పాత ప్లేట్లు అంతేనండి, అరిగిపోయుంటాయి" అనెను. నమ్మితిని.

నమ్మి ఊరకుండినను బాగుండెడిది. మురికి పట్టియుండునని తలచి, దూదిని స్పిరిటులో ముంచి ప్లేటు అంచునుండి లోపలికి తుడువ నారంభించితిని. దూది నల్లనయ్యెను. మురికి వదలుచున్నదని సంతోషించి మరికొంత తుడిచితిని. రెండు వ్రేళ్ళ వెడల్పు తుడిచిన పిమ్మట చూతునుగదా, అంతమేర నిగ్గు పోయి ప్లేటు మసిబారియున్నది. దూదికి వచ్చినది మురికియని తలచితిని. ప్లేటే కరగి వచ్చినది.

ఆ కాలపు ప్లేట్లు లక్కతో చేసినవి. వడ్రంగి లక్కను స్పిరిటులో కరగించియే గదా కుర్చీలకు పాలిషు పూయునది! తెలిసియు తెలియనివాడనైతిని. లక్కప్లేటును మెత్తని పొడి కుంచెతో దులుపవలెను. తప్పనిసరియైన, ఒక్క చుక్క సబ్బు కలిపిన నీటితో తడిపిన మెత్తని గుడ్డతో గాడి పోవు దారినే తుడిచి, నడిమి కాగితమునకు తడి తగులకుండ, వెంటనే ఆరనీయవలెను. నానబెట్టరాదు. స్పిరిటు సీసాను ఆ గదిలోనికి కూడ తేరాదని నా మనవి.

తరువాత రేడియో మరమ్మతులలో తల నెరిసిన మిత్రుడొకడు వచ్చి ప్లేటును దీపమునకెదురుగ పట్టి చూచి, "ప్లేటు అరగలేదయ్యా, నీ ముల్లే తప్పు" అనెను. అతడు చెప్పినదియు, పిమ్మట నేను చదివి తెలిసికొన్నదియు మీకు విన్నవించెదను.

ప్లేటుమీది గాడిని పొలములోని చాలుగా తలపుడు. ముల్లు కర్రు. దున్నునపుడు కర్రు చాలును చేయును. ఇచ్చట చాలు ముందే వేసియున్నది, దాని గట్లు వంకరటింకరలుగా నున్నవి. ఆ వంకరలే పాట. ముల్లు ఆ రెండు గట్లనడుమ నిమిడి, వంకరపోయినచోటెల్ల తానును వంకరపోవలెను. లక్కప్లేటు చాలు వెడల్పైనది. దానికి కొన గుండ్రనైన ముల్లు కావలెను. ఆ కొన వ్యాసార్థము అంగుళమును వేయి భాగములు చేసినచో సుమారు మూడు భాగములు. తలవెండ్రుక మందము రమారమి యంతయే యుండును. 1948లో అమెరికాలో కొలంబియావారు ఎల్.పి. యను ప్లేట్లను వెలువరించిరి. అవి వినైలు అను ప్లాస్టికుతో చేసినవి, నిమిషమునకు 33 చుట్లు, మరియొక చుట్టులో మూడవవంతు తిరుగును. ఒక ప్రక్క ఇరువది నిమిషములు పాడుటకై చాలును మిక్కిలి సన్నము చేసిరి. ఆ చాలునకు కావలసిన ముల్లు కొన వేయింట ఒక భాగము. రెండు చెవులకు వేరువేరుగ వినిపించు స్టీరియో ప్లేట్లు 1958 ప్రాంతమున వచ్చినపుడు అదియు తగ్గి వేయింట ముప్పాతిక భాగముకంటె తక్కువయ్యెను.

ఇక నా యింట జరిగినదేమో చూడుడు. టర్నుటేబిలుతో వచ్చినది ఎల్.పి. ముల్లు. దానిని లక్కప్లేటు గాడిలో దించినచో, పెద్దబండ్లు నడచిన జాడలో చిన్నపిల్లల బొమ్మబండి నడపినట్లే. గట్లకు ఆనక అడుగున పడి, అక్కడ ఎనుబదియేండ్లుగా చేరిన దుమ్మును గీరుచు పోవును. ఆ చిటపటలన్నియు అడుగుననున్న దుమ్ము పాటయే. దీనికి విపర్యయముగా, లావుముల్లును ఎల్.పి. గాడిలో పెట్టినచో అది లోపలికి దిగక, గట్ల శిరస్సులను చెక్కివేయును. పాత చేతిపెట్టెలోని ఇనుప ముల్లుతో ఎల్.పి.ని పాడించినవారును కలరు. ఆ ప్లేటు మరుసటి దినమున పళ్ళెముగా తప్ప పనికిరాదు.

ఏది లక్కప్లేటో ఏది వినైలో తెలియుటెట్లు? చేతబట్టిన తెలియును. లక్కది బరువు, జారిపడిన పెంకువలె పగులును; సాధారణముగ పది అంగుళములది, ఒక ప్రక్క మూడు నిమిషములు పాడును. వినైలుది కొంచెము వంగును. మన దేశమున 1960 దాటిన పిదపకూడ లక్కప్లేట్లు వచ్చుచునే యుండెను గనుక సినిమాపాట యైనంతమాత్రమున వినైలు అనుకొనరాదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు తమ కడపటి దినములలో పాడిన భగవద్గీత యున్నదే, అది ఎల్.పి.; దానికి సన్నముల్లే.

చేతిపెట్టె కాలపు ఇనుప ముండ్లను గూర్చి ఒక్క మాట. అవి రేకు డబ్బీలలో వచ్చుచుండెను. ఒక ప్రక్క పాడిన పిమ్మట ముల్లును పారవేయవలెనని నియమము. లక్కలో రాతిపొడి వంటి గరుకు పదార్థమును కావలెననియే కలిపిరి. ఆ గరుకు మొదటి చుట్లలోనే ముల్లును అరగదీసి గాడికి సరిపడునట్లు చేయును. అట్లు అరగిన ముల్లు మరియొక ప్లేటున ఉలివలె పనిచేయును. మన పెద్దలు పొదుపరులు. ఒకే ముల్లును పదిమారులు వాడినవారు, రాతిమీద నూరి మరల వాడినవారు కలరు. ఇతర దేశములలో వెదురుముక్కలను, చెట్టుముండ్లను కూడ వాడిరి, అవి మెత్తన. మీ పెట్టెలో మిక్కిలి ప్రియమైన ప్లేటే మిక్కిలి అరగియుండుటకు కారణమిదియే.

ఇప్పటి ముల్లు వజ్రపు తునక. అది సన్నని గొట్టపు చివర అతికియుండును. ఆ గొట్టము రెండవ చివర, కార్ట్రిడ్జి యను అగ్గిపెట్టెలో సగముపాటి డబ్బీలోనికి పోవును. లోపల చిన్న అయస్కాంతమును, దాని కెదురుగ రాగితీగె చుట్టలును ఉండును. ముల్లు కదలిన అయస్కాంతము కదలును. అయస్కాంతము కదలిన తీగెచుట్టలో విద్యుత్తు పుట్టును. అది యొక వోల్టులో వేయింట నాలుగైదు వంతులు మాత్రమే. దానిని పెంచి స్పీకరునకు పంపుట ఆంప్లిఫయరు పని. అయస్కాంతము కదలునట్టి యీ రకమునుగాక, తీగెచుట్టయే కదలునది మరియొకటి కలదు. అది సున్నితము, దాని విద్యుత్తు ఇంకను పదవవంతు, దానికి వేరొక ఆంప్లిఫయరు కావలెను; మరియు ముల్లు అరగినచో సాధారణముగ మనమే మార్చుటకు వీలుపడదు. ధనవంతుల ముచ్చట. ఇవి రెండునుగాక, మడతపెట్టి మోసికొనిపోవు చౌక యంత్రములలో సిరామికు కార్ట్రిడ్జి యుండును. అది చాల బరువుతో నొత్తును, బరువును మార్చుటకు మనకు సాధనముండదు. పెట్టె అందముగ నున్నదని దానిని కొనవలదు.

నా సలహా యడిగినచో అయస్కాంతము కదలు రకమే తీసికొనవలెను. అందును ముల్లు విడదీసి మార్చుటకు వీలైనదియు, 78 ప్లేట్లకు వేరు ముల్లు దొరకునదియు చూచి కొనుడు. జపానుదేశపు ఆడియో టెక్నికావారి వి.ఎం.95 అను వరుసలో డబ్బీ యొకటే. సన్నముల్లు తీసి లావుముల్లు తొడిగినచో లక్కప్లేట్లు పాడును. డెన్మార్కు దేశపు ఆర్టఫాను సంస్థకును 78 ముల్లు కలదు. అమెరికాలోని ష్యూరు సంస్థ ఒకప్పుడు ప్రసిద్ధమైనదే గాని 2018లో ఈ పని మానుకొన్నది. ఇప్పుడా పేరుతో క్రొత్తవని చెప్పి యమ్మునపుడు ఒకటికి రెండుమారులు విచారింపుడు. యంత్రముమీద 78 అని వ్రాసియున్నంతమాత్రమున లోపల 78 ముల్లున్నదని తలపరాదు. నా కథ విన్నారు గదా.

కొన్న తరువాత అమర్చుట. ఇది కంసాలి పనివంటిది, తొందర కూడదు. కార్ట్రిడ్జి వెనుక నాలుగు సన్నని కడ్డీలుండును, యంత్రపు చేయినుండి నాలుగు రంగుల తీగెలు వచ్చును. తెలుపు, నీలము ఎడమవైపువి. ఎరుపు, ఆకుపచ్చ కుడివైపువి. కడ్డీల ప్రక్కన గుర్తులుండును, వాని ప్రకారము తగిలింపవలెను. ఈ పని చేయునప్పుడు ముల్లును విడదీసి దూరముగ నుంచుట మేలు. మా మిత్రుడు విడదీయక చేసి, చొక్కా చేయి తగిలి, ఒక ముల్లును పోగొట్టుకొన్నాడట.

కార్ట్రిడ్జి రెండు మరలతో బిగింపబడును. ఆ మరల రంధ్రములు సన్నని వాడివలె పొడుగుగ నుండును గనుక ముందుకు వెనుకకు జరుపవచ్చును. ఎంత జరుపవలెను? పాటను మొదట చెక్కిన యుపకరణము ప్లేటు అంచునుండి నడిమికి తిన్నని గీతగ పోయినది. మన యంత్రపు చేయి ఒక మూల కీలుమీద తిరుగును గనుక అది విల్లువలె వంపుగ పోవును. అందుచేత ముల్లు అంతటను సరిగ గాడివెంట చూడజాలదు. రెండు తావులలో మాత్రము సరిగ నుండునట్లు చేసినచో తక్కినచోట్ల తప్పు కొంచెమే యుండునని 1938లో లెవ్‌గ్రెన్ అను స్వీడనుదేశపు పండితుడు లెక్కకట్టినాడు. ఆ లెక్కనుబట్టి చేసిన కొలతకాగితములు దొరకును. నడిమినుండి 66, 121 మిల్లీమీటర్ల యెడమున రెండు చుక్కలు, చుట్టును గళ్ళు ఉండును. ముల్లు చుక్కమీద నున్నపుడు డబ్బీ ప్రక్కలు గళ్ళతో సమముగ నుండవలెను. రెండుచోట్లను కుదురువరకు జరుపుచుండవలెను. నాకు మొదటిమారు ఒక సాయంకాలమంతయు పట్టినది. చత్వారము గలవారు మనుమల కనుల నెరువు తెచ్చుకొనుడు.

తరువాత బరువు. అన్నిటికంటె ముఖ్యమిది. చేయి వెనుక గుండొకటి యుండును, అది త్రాసువంటిది. గుండును త్రిప్పుచు, చేయి క్రిందికి వాలక పైకి లేవక గాలిలో తేలునట్లు చేయవలెను. అప్పుడు గుండుమీది యంకెల చక్రమును మాత్రము సున్నకు తెచ్చి, పిమ్మట గుండును ముందుకు త్రిప్పినచో ఎంత త్రిప్పిన అంత బరువు ముల్లుమీద పడును. ఎల్.పి. ముల్లునకు సాధారణముగ రెండు గ్రాములు, అనగా పదునారు గురువిందగింజల యెత్తు. నేను చెప్పిన జపాను 78 ముల్లునకు అయిదు గ్రాములు, నలువది గురువిందలు. ఆర్టఫానుది రెండు గ్రాములకు లోపే. తయారుచేసినవారు చెప్పిన యంకెనే పాటింపవలెను. పాత చేతిపెట్టె సౌండుబాక్సు సుమారు పది తులముల బరువుతో నొత్తుచుండెనని తలచుకొన్నచో, ఆ ప్లేట్లు ఇన్నాళ్ళు బ్రదికియుండుట వింతగ తోచును. కొన్ని యంత్రముల చక్రముమీద అంకెలు అయిదువరకు ఉండవు. ఇప్పుడు ముల్లు బరువు తూచు చిన్న విద్యుత్ త్రాసులు తక్కువ వెలకు దొరకుచున్నవి, తెచ్చుకొనుడు.

బరువు తగ్గించిన ప్లేటు అరగదని తలచుట సహజము. నేనును అట్లే తలచితిని. అది తప్పు. తేలికైన నాగలి గట్టినేలలో ఎగిరెగిరి పడునట్లు, తేలికగ నున్న ముల్లు గట్లమధ్య నిలువక ఇటునటు కొట్టుకొనుచు గట్లను విరుగగొట్టును. చెప్పినదానికి కొంచెము ఎక్కువైన అంత హాని లేదు, తక్కువైనచో హాని.

ముల్లు తిరుగు ప్లేటుమీద నున్నపుడు చేయి నడిమివైపునకు ఈడ్వబడుచుండును. దానిని వెలుపలికి లాగి నిలుపు మీట ప్రక్కన నుండును. బరువు అంకెయే దానికిని పెట్టుట వాడుక. ముల్లు ఊరక దుముకుచున్నచో సవరించుకొనవలెను. చేయి ప్లేటునకు సమాంతరముగ నున్నదో లేదో ప్రక్కనుండి చూడుడు. చిన్న యద్దము నొకదానిని ప్లేటు తావున నుంచి ముల్లును దానిమీద దించి యెదుటినుండి చూచినచో, ముల్లును దాని నీడయు ఒకే నిలువుగీతగ నుండవలెను. పక్కకు వంగియున్నచో కార్ట్రిడ్జి ఒరగినదన్నమాట. ముల్లును వెనుకనుండి ముందునకు మాత్రమే కుంచెతో దులుపవలెను. వజ్రమైనను అయిదువందల గంటలు పాడిన పిదప అరుగుదల చూచుకొనవలెను. ఎల్.పి. ఒక్క ప్రక్క గాడిని సాగదీసినచో రెండు ఫర్లాంగులకు మించియుండును. అంతదూరము ప్రతిమారు నడచిన కర్రు అరుగకుండునా?

లక్కప్లేట్లకు మరి రెండు మాటలు. అవి ఒక్క గొంతుకవి, స్టీరియో కావు. ఆంప్లిఫయరునకు మోనో యను మీట యున్నచో నొక్కుడు; ముల్లు పైకి క్రిందికి ఊగుటవలన పుట్టు రొద అణగిపోవును. మరియు ఇప్పటి ఆంప్లిఫయర్లు 1954లో ఏర్పడిన పద్ధతినిబట్టి స్వరములను దిద్దును. అంతకు పూర్వపు ప్లేట్లకు ఆ దిద్దుబాటు సరిపడదు. మంద్రమును కొంచెము తగ్గించి తారమును కొంచెము హెచ్చించిన గొంతు తేరుకొనును.

ఇంతయు చేసి, క్రొత్త ముల్లు తొడిగి, తాతగారి పద్యపు ప్లేటును మరల పెట్టితిని. స్పిరిటు తగులని రెండవ ప్రక్కను పెట్టితిని. నూతిలోని గొంతు గట్టుమీదికి వచ్చెను. హార్మోనియము తిత్తి ఊపిరికూడ వినబడెను. మా మేనత్తగారు అప్పటికి ఎనుబదినాలుగేండ్ల వారు, చెవి మందము. ఆమెను పిలుచుకొనివచ్చి స్పీకరు దగ్గర కూర్చుండబెట్టితిని. ఆమె తండ్రితోకూడ వినిన పద్యమది. కన్నులు మూసికొని వినుచు, మొదటి పాదము కాకమునుపే చేయి అడ్డముగ నూపి, "అబ్బాయీ, ఇది మా నాయన పెట్టిన శ్రుతి కాదురా, పరుగెత్తుతోంది" అనెను.

నేను వేగమును సరిచూచియే యుంటిని. డెబ్బదియేడు నల్లగీతలు గల చక్రము నొకదానిని కాగితముపై గీయించి, చోకు గల పాత ట్యూబులైటు క్రింద త్రిప్పి, గీతలు నిలిచినట్లు కనబడువరకు సవరించితిని; మన విద్యుత్తు సెకనునకు ఏబదిమారులు మారును గనుక అట్లగపడిన వేగము డెబ్బదియెనిమిదే. ఆ మాట చెప్పితిని. ఆమె ఒప్పుకొనలేదు. "ఈ ప్లేటుకు మా నాయన మీట వెనక్కి లాగేవారు. నాకు తెలుసు, నేను పక్కనే కూర్చునేదాన్ని" అనెను. మిత్రుని కడిగితిని. తొలినాళ్ళలో ప్లేట్లన్నియు సరిగ 78లో చెక్కినవి కావట. కొన్ని డెబ్బదికి దగ్గరగను, కొన్ని ఎనుబదికి పైగను కలవట. మీట వెనుకకు జరుపుచు పోయితిని. ఆమె తల యూపుచు, ఊపుచు, ఒకచోట "అదీ" అనెను. అప్పుడు చూచిన వేగము డెబ్బదియారునకు లోపు. గొంతు పిల్లవానిదివలె నున్నది పెద్దవానిదయ్యెను. ఏ పరికరమును అది చెప్పియుండదు.

పద్యము ముగిసిన తరువాత ఆమె, "రెండో వైపు తిప్పు" అనెను. అసలు పద్యము ఆ వైపున మొదలయి ఈ వైపున ముగియునట. నేను జరిగినది చెప్పి ప్లేటును ఆమె చేతికిచ్చితిని. ఆమె మసిబారిన యంచును బొటనవ్రేలితో తడవి చూచి కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఉన్నంతే పెట్టు" అనెను.

పాడైన ప్లేటుమీద క్రొత్త వజ్రమును దింపుట ముల్లునకు మంచిది కాదు. మిత్రుని యొద్ద అరిగిన 78 ముల్లొకటి యుండగా దానిని తెచ్చి తొడిగి పెట్టితిని. మొదటి రెండు పాదములు వాన కురిసినట్లు హోరు. స్పిరిటు తాకనిచోటికి ముల్లు చేరినంతనే, మూడవ పాదము నడుమనుండి గొంతు వినవచ్చెను. అంతవరకు ఆ హోరులో పెదవులు కదలించుచుండిన అత్తగారు, అప్పుడు ఆపి వినసాగిరి.